రోటరీ కట్టరు కోసిన నాలుగు నిమ్మకాయలు

మా కాగితం మిల్లులో కొత్త రోటరీ కట్టరుకు ప్రారంభోత్సవం జరిగి నేటికి నలభై అయిదు రోజులు. ఈ శుభ సందర్భంలో ఆ యంత్రం ఇంతవరకు కోసిన వస్తువుల వివరాలు మీ ముందుంచడానికి సంతోషిస్తున్నాను. నిమ్మకాయలు, నాలుగు. ఇనప తీగ, నాలుగు చోట్ల. ముఖ్య అతిథిగారి జరీ కండువా, ఒక మూల. కాగితం అనే అంశం కింద ప్రస్తుతానికి ఏమీ లేదు. మొదటి రోజు కొంత కాగితం చిరిగిన మాట వాస్తవమే గాని, చిరగడం వేరు, తెగడం వేరు కనుక దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మా మిల్లు అంటున్నాను గాని అది మాది కాదు, భీమరాజుగారిది. రాజమండ్రికి పదిహేను కిలోమీటర్ల ఇవతల, కాలవ గట్టున ఉంటుంది. మా ఆయన ఆరోన్ అందులో కట్టరు ఫిట్టరు. మాకు పెళ్లయి యాభై ఒక్క రోజులే అయింది కనుక, ఆయనకు సంబంధించింది ఏదైనా సరే మాది అనడం నాకింకా కొత్తగా, ముద్దుగా ఉంది. మా మిల్లు, మా స్కూటరు, మా జలుబు.

రోటరీ కట్టరు అంటే ఏమిటో తెలియని వారి కోసం చెబుతున్నాను. మిల్లులో కాగితం ముక్కలుగా పుట్టదు. చుట్టిన చాపలాగా, ఏనుగంత రీలుగా పుడుతుంది. ఆ రీలును విప్పుతూ పరుగెత్తిస్తుంటే, ఆగకుండా, పరుగులోనే దాన్ని షీట్లుగా కోసేది ఈ యంత్రం. ఒక డ్రమ్ముకు పొడవాటి కత్తి బిగించి ఉంటుంది. అది తిరుగుతూ వచ్చి కింద ఉన్న కదలని కత్తిని దాటినప్పుడల్లా మధ్యలోని కాగితం తెగుతుంది. దీన్ని మా ఆయన నాకు పెళ్లయిన నాలుగో రోజు, నేను వంకాయలు తరుగుతుండగా వివరించారు.

"రెండు కత్తులకీ మధ్య వెంట్రుకలో సగం సందు ఉండాలి హెలెన్. తగిలితే రెండూ పోతాయి. సందు ఎక్కువైతే కాగితం నలుగుద్ది. ఆ సందు పెట్టడమే నా ఉద్యోగం."

డిగ్రీలో మూడేళ్లు ఫిజిక్సు చదివాను. ఇంత అందమైన మాట ఏ పుస్తకంలోనూ కనబడలేదు. పరవశించిపోయి అడిగాను.

"మనింట్లో తిరిగే కత్తి ఎవరండి, కదలని కత్తి ఎవరండి?"

"నువ్వూ నేనూ ఇద్దరం కాగితమే. కత్తులు రెండూ మా అమ్మే."

"ఇనబడతందిరా!" అని పెరట్లోంచి మా అత్తయ్యగారు ఏసమ్మగారు అన్నారు.

ఇక అసలు విషయం. పెళ్లికి మా ఆయనకు మూడు రోజుల సెలవు ఇచ్చారు. ఒక రోజు చర్చిలో పెళ్లికి, ఒక రోజు విందుకు, ఒక రోజు సామియానా షాపుకు కుర్చీలూ గిన్నెలూ తిరిగి అప్పగించడానికి సరిపోయాయి. మిగిలిన ఏడు రోజుల సెలవు తర్వాత ఇస్తామన్నారు. ఆ ఏడు రోజుల్లో ఒక రోజు లాంచి ఎక్కి పాపికొండలు చూడాలని, తక్కిన ఆరు రోజులు ఏ పనీ పెట్టుకోకుండా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చోవాలని మేము తీర్మానించుకున్నాం. నేను ప్రతిపాదించాను, ఆయన బలపరిచారు, తీర్మానం ఏకగ్రీవం. కాని సెలవు దరఖాస్తు మీద మేనేజరు సత్యప్రసాద్ గారు ఎర్ర సిరాతో, "కొత్త కట్టరు మొదటి వెయ్యి షీట్లు కోసిన పిమ్మట పరిశీలించబడును" అని రాసి తిప్పి పంపారు.

ఆ యంత్రం నిమిషానికి రెండు వందల షీట్లు కోస్తుంది. అంటే మా సెలవు మాకు సరిగ్గా అయిదు నిమిషాల దూరంలో ఉందన్నమాట. నేను ఆ సాయంత్రమే సంచి సర్దేశాను.

భీమరాజుగారు చాలా మంచివారు. ఎవరి మాటా కాదనరు, ఎందుకంటే వినరు. తిరిగేది ఏదైనా చక్రమే, చక్రమన్నాక నిమ్మకాయ తొక్కవలసిందే అని ఆయన సిద్ధాంతం. ఆ ప్రకారం ఆయన కారు, ట్రాక్టరు, వరికోత మిషను, మనవరాలి మూడు చక్రాల సైకిలు వరసగా నిమ్మకాయలు తొక్కాయి. కిందటేడు వాషింగ్ మెషిను కొన్నప్పుడు రెండు నిమ్మకాయలు లోపల వేసి తిప్పారు. బట్టలు మంచి వాసన వచ్చాయి. దాంతో సిద్ధాంతం మరింత బలపడింది. కనుక తిరిగే డ్రమ్మున్న రోటరీ కట్టరు నిమ్మకాయ తొక్కకుండా పనిలోకి దిగడమనే ప్రశ్నే లేదు.

ఒకే ఒక సాంకేతిక సమస్య వచ్చింది. డ్రమ్ము గుండ్రంగా ఉండడం వల్ల, నిమ్మకాయలూ గుండ్రంగా ఉండడం వల్ల, పెట్టినవి పెట్టినట్టే దొర్లిపోతున్నాయి. సత్యప్రసాద్ గారు దీన్ని పది నిమిషాలు నిలబడి ఆలోచించి పరిష్కరించారు. దుకాణాల గుమ్మాలకు నిమ్మకాయలూ మిరపకాయలూ ఇనప తీగకు గుచ్చి వేలాడదీయడం మనకు తెలిసిందే. అదే తీగ తెప్పించి, నాలుగు నిమ్మకాయలకు నాలుగు ముక్కలు గుచ్చి, డ్రమ్ముకు గట్టిగా చుట్టించారు. ఆయన ఇంజనీరింగ్ చదివింది వృథా పోలేదని అందరూ మెచ్చుకున్నారు.

మెచ్చుకోనిది మా ఆయన ఒక్కరే. ప్రారంభోత్సవానికి ముందురోజు భీమరాజుగారి గదికి వెళ్లి నిలబడ్డారు.

"నిమ్మకాయలు మంచియేనండి. ఆ తీగతోనే ఇబ్బంది. కత్తి అంచు పోద్దండి."

"ఏంటయ్యా ఆరోన్, బస్సు చక్రం నిమ్మకాయ తొక్కితే పంక్చరవుద్దా?"

"అవ్వదండి."

"లారీ?"

"అవ్వదండి."

"మరి నీ కత్తేంటి, లారీ కన్నా గొప్పదా?"

"కత్తి పదునుగా ఉంటదండి, అందుకనే..."

"పదునైతే ఇంకా బాగా తెగుద్దయ్యా! ఎల్లు, ఎల్లు. కొత్తగా పెళ్లయిందంట, మిఠాయేది?"

దీనికి ఎదురు వాదన ఏ పాలిటెక్నిక్ లోనూ చెప్పరు. మా ఆయన ఇంటికొచ్చి, మాటల వల్ల పని జరగనప్పుడు చదువుకున్నవాళ్లు చేసే పనే చేశారు. ఉత్తరం రాశారు. "రెండు కత్తుల మధ్య సందు వెంట్రుకలో సగం మాత్రమే ఉన్నందున, ఇనప తీగ తగిలినచో కత్తి అంచు దెబ్బతినును. కావున నిమ్మకాయలను తీగ లేకుండా యంత్రం ముందు ఉంచగలరని మనవి." చివరి మనవి నేను చేర్చాను. అది లేకపోతే ఉత్తరం మరీ నిజంలాగా ఉంది. మర్నాడు పొద్దున్నే ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నారు. ముద్ర చాలా స్పష్టంగా పడింది.

ప్రారంభోత్సవం దివ్యంగా జరిగింది. పనివాళ్ల ఇళ్లల్లో వాళ్లనూ పిలిచారు కనుక నేనూ వెళ్లాను. కట్టరుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేశారు. పురోహితుడు గారు, "నిమ్మకాయ గుమ్మం దగ్గరైనా ఫరవాలేదండి, యంత్రంలోనే పెట్టాలని ఎక్కడా లేదు" అన్నారు. ఆయన్ని మంత్రాల వరకే పిలిచామని సవినయంగా గుర్తుచేశారు. మిల్లులో సగం మంది మావాళ్లే కనుక పాస్టరుగారినీ పిలిచారు. పాస్టరుగారు పనివాళ్ల చేతివేళ్లు పదీ పదిలంగా ఉండాలని క్లుప్తంగా ప్రార్థించారు. ఆ రోజు జరిగిన కార్యక్రమాల్లో నెరవేరింది ఆ ప్రార్థన ఒక్కటే.

యంత్రం ముందు ఎర్ర రిబ్బను కట్టారు. నిమిషానికి రెండు వందల కోతలు కోసే యంత్రం ముందు కట్టిన ఆ రిబ్బను, ముఖ్య అతిథిగారి కత్తెర మూడుసార్లు నమిలినా తెగలేదు. చివరకు ఇద్దరు పట్టుకుని లాగారు. అనంతరం ముఖ్య అతిథిగారు ప్రసంగించారు.

"సోదర సోదరీమణులారా! కత్తి అనగానే కొందరు భయపడతారు. కత్తి అంటే నరకడం కాదు. కత్తి అంటే విభజన. ఒక కాగితాన్ని కోస్తే రెండవుతాయి, రెండిటిని కోస్తే నాలుగవుతాయి. అంటే కత్తి కాగితాన్ని పెంచుతోంది! మన గోదావరి నీళ్లు తాగి పుట్టిన ఈ కాగితం రేపు మన బిడ్డల చేతుల్లో నోటుబుక్కవుతుంది, మన ఆఫీసుల్లో ఫైలవుతుంది, ఆఖరికి మన చేతుల్లో బజ్జీల పొట్లమవుతుంది. ఈ మూడు దశల్లోనూ ప్రజలకు సేవ చేసే భాగ్యం ఇంకే వస్తువుకుంది?"

చప్పట్ల మధ్య ఆయన బొత్తాం నొక్కారు.

డ్రమ్ము మొదటి చుట్టు తిరిగింది. నాలుగు నిమ్మకాయలూ నాలుగు తీగలూ ఏకకాలంలో తెగిపోయాయి. రసం ఎగిరి ముఖ్య అతిథిగారి కంట్లో పడింది. ఆయన కళ్లు మూసుకుని ముందుకు తూలబోతుంటే కండువా కొస యంత్రంలోకి వెళ్లి తెగింది. మనిషిని మా ఆయన వెనక్కి లాగారు. భీమరాజుగారు, "చూశారా, ఏం పదునో!" అని ఆనందబాష్పాలు రాల్చారు. ముఖ్య అతిథిగారు కూడా రాల్చారు, అయితే ఆయనవి వేరే కారణం వల్ల.

తర్వాత కాగితం ఎక్కించారు. బయటికొచ్చిన మొదటి షీటుకు నాలుగు చోట్ల ఎలక కొరికినట్టుంది. రెండోదీ అంతే. మూడోది లోపలే ఇరుక్కుని, దాని వెనక వంద అడుగుల కాగితం వచ్చి పకోడీలా ముడుచుకుపోయింది. మా ఆయన యంత్రం ఆపి, డ్రమ్ము కత్తి మీద వేలితో మెల్లగా తడిమి, నావైపు చూశారు. కత్తికి నాలుగు పళ్లు లేచాయి. మా అయిదు నిమిషాలు ఆ నాలుగు పళ్ల సందుల్లోంచి కారిపోవడం నేను కళ్లారా చూశాను.

"దిష్టి!" అన్నారు భీమరాజుగారు. "ఎంత దిష్టి కొట్టిందో చూడండి. నిమ్మకాయలు పెట్టబట్టి దీంతో పోయింది. లేకపోతే ఏమైపోయేదో!"

కత్తి ఊడదీసి సానకు పంపితే మూడు రోజుల్లో వచ్చేస్తుందని మా ఆయన అన్నారు. పూజ చేసిన కత్తిని మండలం రోజులు కదపకూడదని భీమరాజుగారు అన్నారు. అలాంటి నియమమేమీ లేదండని పురోహితుడు గారు అనబోయారు గాని, అప్పటికే ఆయనను కారెక్కించారు. కనుక నలభై ఒక్క రోజులు కత్తి దండలతో సహా అలాగే ఉండాలని ఉత్తర్వు జారీ అయింది. మా ఆయన రెండో సెలవు దరఖాస్తు పెట్టారు. కత్తి ఏ క్షణాన సిద్ధమవుతుందో తెలియదు గనుక, సందు పెట్టగలిగిన ఒకే ఒక్క ఫిట్టరు అందుబాటులో ఉండాలి గనుక, తిరస్కరించారు. కదపకూడని కత్తికి కాపలాగా కదలకూడని మనిషిని నియమించారన్నమాట.

ఇంతలో బడులు తెరిచే రోజులు వచ్చాయి. నోటుబుక్కులవాళ్లు షీట్ల కోసం ఒకటే ఫోన్లు. పాత కట్టరును కొత్తదానికి చోటు కోసం ముందే తుక్కుకు పంపేశారు. సత్యప్రసాద్ గారు మళ్లీ పది నిమిషాలు నిలబడి ఆలోచించి, సంతలో చేపలు కోసే రత్తమ్మగారిని పిలిపించారు.

రత్తమ్మగారు కత్తిపీట చంకన పెట్టుకుని వచ్చి, రీలు చుట్టూ ఒకసారి తిరిగి చూశారు.

"పులసని గుడ్డు చెదరకుండా కోస్తానండి. ఇదేపాటి? నోరూ లేదు, ముల్లూ లేదు. ఓ పదకొండు మందిని తెచ్చుకుంటాను."

అలా మా మిల్లులో పన్నెండు కత్తిపీటలతో ఉత్పత్తి పునఃప్రారంభమైంది. ఇద్దరు కాగితం లాగి పట్టుకుంటే, ఒకరు పీట మీద కూర్చుని బర్రున కోసేవారు. మా ఆయన నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి కొలతలు చూపించేవారు. ఒకామెకు జ్వరమొస్తే నేనూ వెళ్లాను.

"డిగ్రీ చదివి కత్తిపీట ఎట్టుకుని మిల్లుకెల్తావేంటమ్మా?" అన్నారు మా అత్తయ్యగారు.

"ఆయన కూడా అక్కడే ఉంటారు కదండి అత్తయ్యగారు."

"ఓయబ్బో! అలాగైతే ఎల్లు. నా పీట జాగర్త. ఆదివారం చేపలు కొయ్యాలి."

నేను అబద్ధం చెప్పను. ఆ రోజులు చాలా హాయిగా గడిచాయి. మధ్యాహ్నం ఆయనా నేనూ ఒకే బెంచీ మీద ఒకే క్యారేజీలోంచి పప్పుచారు తినేవాళ్లం. కోతలో మిగిలిన సన్నటి కాగితపు రిబ్బన్లు ఆయన ఏరి ఉంగరాలుగా చుట్టి నా వేళ్లకు తొడిగేవారు. రత్తమ్మగారు, "ఆరోనుబాబూ, ఆ గీత వంకరొచ్చిందయ్యా. ఎటు చూసి గీత్తన్నావు?" అని అందరూ వినేట్టు అడిగేవారు. అయినా సెలవు సెలవే. అన్నం తింటూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడానికి అరగంటే ఇస్తారు, సైరను మోగగానే ఎవరి గీత దగ్గరికి వాళ్లు వెళ్లిపోవాలి. సర్దిన సంచి ఇంట్లో మంచం కింద ఉంది. చీరలకు కలరా ఉండల వాసన పట్టుతోంది.

రోజువారీ నివేదికలో "కోత విధానం" అని ఒక గడి ఉంటుంది. అందులో రోటరీ అని తప్ప ఇంకేమీ రాయడానికి వీల్లేదు, ఎందుకంటే కొత్త యంత్రం కొన్నది ఆ గడి కోసమే. సత్యప్రసాద్ గారు అబద్ధం రాసే మనిషి కారు. అందుచేత వరసగా కూర్చున్న మమ్మల్నందర్నీ లేపి, గుండ్రంగా కూర్చోబెట్టారు. ఆ రోజు నుంచి మేము రోటరీ.

ఒకరోజు జిల్లాలో మిల్లులన్నీ తిరిగి చూసి షీల్డు ఇచ్చే పెద్దమనుషులు నలుగురు వచ్చారు. తిప్పితే కదిపినట్టు కాదని భీమరాజుగారు తేల్చడంతో కట్టరు ఖాళీగా గిర్రున తిరుగుతోంది, దండలు ఊగుతున్నాయి. పక్కనే కోసిన కాగితం కట్టలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. నలుగురూ ఆ రెండింటినీ చూసి తలలూపారు. గుండ్రంగా కూర్చున్న మమ్మల్ని చూసి మాత్రం ఒకాయన ఆగారు.

"ఈ ఆడవాళ్లంతా ఎవరండి?"

"క్వాలిటీ కంట్రోలండి," అన్నారు సత్యప్రసాద్ గారు.

"ఆయ్, అదేనండి," అన్నారు రత్తమ్మగారు, పీట మీంచి లేవకుండా. "తేడా వత్తే కోసేత్తాం."

యాంత్రీకరణలో విశేష కృషికి గాను మా మిల్లుకు షీల్డు వచ్చింది. శాలువా యంత్రానికి కప్పారు.

మండలం పూర్తయింది. కత్తి ఊడదీసి సానకు పంపడానికి ఒక ఫారం నింపాలి. కత్తి పొడవు రాశారు, వెడల్పు రాశారు. చివరి గడి దగ్గర కలం ఆగింది. "దెబ్బతినుటకు కారణం." ఆ గడి ఖాళీగా ఉంటే కత్తి గేటు దాటదు. నిమ్మకాయ అని రాస్తే పవిత్రతకు భంగం. తీగ అని రాస్తే ఆ తీగ తెప్పించినవారి సంతకమే ఫారం కింద ఉంటుంది. బొత్తాం నొక్కినవారి పేరు రాయడం మర్యాద కాదు. యజమాని పేరు రాయడం ఆరోగ్యం కాదు. అందుచేత కారణాన్ని వెతికి పట్టుకోవడానికి సత్యప్రసాద్ గారి అధ్యక్షతన ముగ్గురు సభ్యుల విచారణ సంఘం వేశారు.

సంఘం చాలా నిష్పక్షపాతంగా పనిచేసింది. ఒక్కొక్కరినే పిలిచి, తీగ తగిలితే కత్తి పోతుందని మీకు ముందే తెలుసా అని అడిగింది. భీమరాజుగారు తెలియదన్నారు. సత్యప్రసాద్ గారు అధ్యక్షుడి కుర్చీలోంచి లేచి, ఎదురు కుర్చీలో కూర్చుని తెలియదని చెప్పి, మళ్లీ వెళ్లి అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్నారు. స్టోర్స్ గుమాస్తాకు తెలియదు, వాచ్‌మన్‌కు తెలియదు. తెలియకుండా జరిగినది తప్పు ఎలా అవుతుంది? ఇక మా ఆయన్ని పిలిచారు.

"ఏమయ్యా ఆరోన్, ఈ ఉత్తరం నీదేనా?"

"నాదేనండి. మీకే ఇచ్చానండి."

"అది తర్వాత సంగతి. తీగ తగిలితే కత్తి పోద్దని నీకు ముందే తెలుసన్నమాట."

"తెలుసు గనకనే రాశానండి."

"రాసుకోండి. తెలుసు. మిల్లు మొత్తంలో ముందే తెలిసిన మనిషి ఇతనొక్కడే. ముద్ర కూడా ఉంది."

"నేను చెప్పాను కదండి!"

"చెప్పావయ్యా. వినేలా చెప్పలేదు. అదలా ఉంచు. నిమ్మకాయలు పెడతారని తెలిసినప్పుడు నిమ్మకాయ పట్టేంత సందు ఎందుకు పెట్టలేదు?"

నిమ్మకాయ పట్టేంత సందు పెడితే అది కట్టరు కాదు, గుమ్మం అవుతుందని మా ఆయన అన్నారు. దాన్ని రెండో అభియోగంగా చేర్చారు, పెద్దల ఎదుట పరిహాసం అని. సాయంత్రానికల్లా ఉత్తర్వు తయారైంది. కారణం అన్న గడిలో చక్కటి అక్షరాలతో "ఆరోన్" అని రాసి, కత్తిని సానకు పంపించారు. కారణాన్ని ఇంటికి పంపించారు.

ఆయన ఇంటికొచ్చేసరికి నేను మల్లెపూలు కడుతున్నాను. కాగితం చేతికిచ్చి అరుగు మీద కూర్చున్నారు. పదకొండేళ్లుగా ఆ మిల్లులో ఒక్క షీటు వంకర పోకుండా కోయించిన మనిషి. నేను ఉత్తర్వు పైకి చదివాను. మా అత్తయ్యగారు చీర చెంగు నోట్లో కుక్కుకుని విన్నారు. "...నిర్లక్ష్యం కారణంగా సదరు ఉద్యోగిని సస్పెండు చేయడమైనది. సస్పెన్షను కాలంలో సదరు ఉద్యోగి మిల్లు గేటు లోపల అడుగు పెట్టరాదు, ఏ యంత్రమునూ తాకరాదు. ఈ సస్పెన్షను రేపటి నుండి ఏడు రోజుల పాటు..."

నేను ఆగిపోయాను. మళ్లీ చదివాను.

"ఎన్ని రోజులమ్మా?" అన్నారు అత్తయ్యగారు, చెంగు తీసేసి.

"ఏడండి."

"ఏడే?"

"ఏడేనండి. అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉంది."

మా ఆయన తలెత్తారు. నలభై ఒక్క రోజులుగా ఎన్ని దరఖాస్తులు పెట్టినా, ఎంత వినయంగా మనవి చేసినా పుట్టని ఏడు రోజులు, ఏ తప్పూ చేయనందుకు ఒక్క పూటలో వచ్చి ఒళ్లో పడ్డాయి. ముగ్గురం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. మొదట నవ్వింది మా అత్తయ్యగారే. "కూకున్నారేంటి ఇంకా? రేపు సస్పెన్షనెట్టుకుని!" అని కేకలేస్తూ పులిహోరకు చింతపండు నానబెట్టడానికి వెళ్లారు.

మర్నాడు ఓదార్చడానికి బంధువులు వచ్చారు. మా అత్తయ్యగారు సంతకెళ్లడంతో ఇంటికి తాళం చూసి, అవమానం భరించలేక ఎటో వెళ్లిపోయారని నిర్ధారించుకుని వెళ్లారట.

మొదటి మూడు రోజులు మా పిన్నిగారి ఊళ్లో, తీర్మానంలో పేర్కొన్న ప్రకారం గడిపాం. నాలుగో రోజు, అంటే ఇవాళ, గండిపోచమ్మ దగ్గర లాంచి ఎక్కాం. గోదావరి మీద ఎండ పడి తళతళలాడుతోంది. ఆయన నా కొంగు ఎగిరిపోకుండా పట్టుకున్నారు. నీళ్లు, గాలి, ప్లాస్టిక్ గ్లాసులో టీ, అన్నీ ఎవరో మాకోసమే పెట్టినట్టున్నాయి. అంతలో ఫోను మోగింది. సత్యప్రసాద్ గారు.

"ఏమయ్యా ఆరోన్, ఎక్కడున్నావు? సాన పెట్టిన కత్తి వచ్చేసింది. బిగించాం. సందు కుదరట్లేదయ్యా. బయటినుంచి ఇద్దర్ని పిలిపించాను, కుదరదన్నారు. ఓసారి వచ్చెళ్లు బాబూ."

"రాకూడదండి. గేటు లోపల అడుగు పెట్టరాదు, ఏ యంత్రమునూ తాకరాదు అని ఉందండి ఆర్డర్లో."

"అది రాసింది నేనేనయ్యా!"

"చాలా గట్టిగా రాశారండి. ఎటు చూసినా సందు లేదు."

"పోనీ సస్పెన్షను రద్దు చేస్తానయ్యా."

"అలా చెయ్యాలంటే కారణం గడిలో నా పేరు కొట్టేసి ఇంకోటి రాయాలండి. ఏం రాస్తారండి?"

అవతల కుర్చీ జరిపి లేచిన చప్పుడైంది. మా సత్యప్రసాద్ గారు పది నిమిషాలు నిలబడి ఆలోచించే మనిషి కనుక, ఆయనకు ఏకాంతం కల్పించడం కోసం మా ఆయన ఫోను కట్టేశారు.

పక్క సీట్లో ఒక టీచరమ్మ ఇదంతా విని నవ్వుతున్నారు. పేరు హారతిగారట. కొత్తగా కట్టిన తరగతి గోడ పడిపోయేలా ఉందని రాసిచ్చారట. పిల్లలు ఇంటికెళ్లాక గోడ పడింది. గోడకు ముందుగా అపశకునం పలికినందుకు పది రోజుల సస్పెన్షను. ఆమె వెనక సీటులోని వెంకటరమణగారు, కాగితాల్లో ఉన్న కల్వర్టు కాలవ మీద లేదని రాశారట. రెండు వారాలు. భార్యనూ పిల్లల్నీ తీసుకుని వచ్చారు. ఆ చివర బజ్జీలు తింటున్న విజయ్ పాల్ గారు బస్సు డిపోలో మెకానిక్కు. బ్రేకులు సరిగా లేవని అయిదుసార్లు రాసిన నేరం మీద ఇది ఆయనకు అయిదో ట్రిప్పు. ఏ వైపు కూర్చుంటే కొండలు బాగా కనిపిస్తాయో ఆయనే మాకు చూపించారు.

లాంచి నడిపే సరంగు చిట్టియ్య గారిని అడిగాను.

"ఏంటండి, ఈ లాంచిలో అందరూ సస్పెన్షను వాళ్లేనా?"

"ఆయ్. సెలవెట్టి వచ్చేవోళ్లు తక్కువండి. ఎవరికిత్తన్నారమ్మా సెలవులు? మన లాంచి నడిచేదే వీళ్ల మీదండి. తెలిసి చెప్పినోళ్లు."

పైన ఇంకో అంతస్తు ఉంది. అక్కడ కింద కంటే మూడింతలు కుర్చీలు, అన్నీ ఖాళీ.

"మరి పైనెవరూ కూర్చోలేదేంటండి?"

"ఆ కుర్చీలా? అయి తెలిసి కూడా నోరు మూసుకున్నోళ్లకండి. చానా మంది కదండి, ఎక్కువ కుర్చీలేయించాం. ఒక్కళ్లూ రారు. ఆళ్లకి సెలవూ దొరకదు, సస్పెన్షనూ దొరకదు."

"అయితే వాళ్లంతా ఎక్కడున్నారండి?"

"డ్యూటీలో ఉంటారండి," అన్నారు చిట్టియ్య గారు, చుక్కాని తిప్పుతూ.

ఈ కథ ఇంతవరకు చదివే తీరిక దొరికింది కనుక, మీరు కూడా డ్యూటీలోనే ఉన్నారని భావిస్తున్నాను.